మోగుతున్నంతసేపూ నిద్రపోవచ్చు

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం రైతులు, పాఠకులు కలిసిన సభలో విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. కుర్చీలు చాలక వెనక నిలబడ్డ రైతులు దయచేసి ముందుకు రండి, ఇక్కడ జంపఖానా పరిచే ఉంది. నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ముప్ఫై నాలుగేళ్లు నీటిపారుదల శాఖలో పనిచేసినవాడికి ఏదీ అనుకున్న గడువులో పూర్తిచేసే అలవాటు ఉండదు. (నవ్వులు) అయినా ప్రయత్నిస్తాను.

కరపత్రంలో ‘యూరప్ యాత్రానుభవాలు’ అని వేశారు. అంత పెద్ద మాట వద్దు. నేను చూసింది ఒక్క లోయ, అందులో మూడు నాలుగు ఊళ్లు. మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా వెళ్లినప్పుడు, “వెనిస్ చూస్తారా, ప్యారిస్ చూస్తారా?” అని అడిగింది. “మీ దగ్గర్లో వానలు పడని చోటు ఏదైనా ఉందా?” అన్నాను. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. అమ్మాయి మాత్రం ఫోనులో కాసేపు వెతికి, “ఉంది నాన్నా, ఆల్ప్స్‌లోనే ఉంది” అంది.

ఆ లోయను జర్మన్‌లో ఫిన్ష్‌గావ్ అంటారు, ఇటాలియన్‌లో వాల్ వెనోస్తా. ఇటలీకి ఉత్తరపు కొసన, ఒక పక్క ఆస్ట్రియా, ఒక పక్క స్విట్జర్లాండ్ తగిలే మూలలో ఉంది. ఏడాదికి కురిసే వాన సుమారు 500 మిల్లీమీటర్లు. మన అనంతపురం సగటు 550 చుట్టుపక్కల. అంటే మనకంటే ఒక పిసరు తక్కువే. మేఘం ఉత్తరం నుంచి వచ్చినా దక్షిణం నుంచి వచ్చినా అవతలి కొండల మీదే ఖాళీ అయిపోతుంది. లోయలోకి దిగేసరికి దాని దగ్గర ఏమీ మిగలదు. “మరి అక్కడ ఏం పండిస్తారు?” అంటే, “ఆపిల్” అంది అమ్మాయి. వెనిస్ సంగతి నేను ఇక మాట్లాడలేదు.

మ్యూనిక్ నుంచి కారులో బయలుదేరి ఆస్ట్రియా దాటి, సుమారు 1,500 మీటర్ల ఎత్తున రేషెన్ కనుమ ఎక్కాం. అక్కడ ఒక చెరువు, చెరువులో నిలబడి ఒక చర్చి గంటగోపురం. నీళ్లలోంచి గోపురం ఒక్కటే పైకి కనిపిస్తుంది. దాని ఎదుట అందరూ ఫోటోలు దిగుతున్నారు. 1950లో విద్యుత్తు కోసం కట్టిన ఆనకట్ట కింద గ్రౌన్ అనే ఊరు మునిగింది. నూట అరవైకి పైగా ఇళ్లు కూలగొట్టారు. పద్నాలుగో శతాబ్దపు గోపురాన్ని మాత్రం ఉంచారు. మా ఆవిడ కూడా ఫోటో తీయమంది. తీశాను కానీ, నేను పక్కన నిలబడలేదు. ముంపు గ్రామాల్లో ఇంటింటికీ నోటీసులు అంటించిన చేతులు ఇవి. ఆ గోడల మీద మైదాపిండి జిగురు వాసన నాకు ఇంకా గుర్తుంది.

కనుమ దిగితే మొదట మాల్స్, దాని కింద గ్లుర్న్స్, ఆ పక్కనే ష్లుడెర్న్స్. మేము బస చేసింది ష్లుడెర్న్స్‌లో, ఒక రైతు ఇంటి మేడ మీద. ప్రతి ఊరి బోర్డు మీదా రెండేసి పేర్లు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919 ఒప్పందంతో ఆస్ట్రియా నుంచి ఈ ప్రాంతం ఇటలీ చేతికి వచ్చింది. దేశం ఇటలీ, ఇంట్లో మాట జర్మన్. ఆ గొడవంతా చెబితే వేరే సభ పెట్టుకోవాలి, వదిలేస్తాను.

పొద్దున ఇంటి పెద్దావిడ రొట్టె పెట్టింది. రై అనే ధాన్యంతో చేసిన గుండ్రటి రొట్టెలు రెండు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ‘పార్ల్’ అంటారు, జంట అని అర్థం. తుంచి నోట్లో పెట్టుకోగానే మా ఆవిడ ఆగిపోయి నా వైపు చూసింది. “ఏమండీ, మెంతులు!” అంది. నిజమే, మెంతుల వాసన. అడిగితే ఆవిడ ఒక సీసా తెచ్చి చూపించింది. పిండిలో ఒక ఎండుటాకు పొడి కలుపుతారు, మన మెంతికి దగ్గరి చుట్టం, నీలిపూల మెంతి. ఆ క్షణం నుంచి మా ఆవిడకు ఆ లోయ నచ్చింది. ఆవకాయ సీసా కూడా బయటికి తీసింది, ఆ కథ ఇప్పుడు వద్దు.

ఇక తోటలు. వెనకున్న చీనీ రైతులు జాగ్రత్తగా వినండి. మీరు ఎకరాకు ఎన్ని చెట్లు పెడతారు? (సభలోంచి: నూట పది!) అక్కడ హెక్టారుకు మూడు వేలు, అంటే ఎకరాకు పన్నెండు వందలు. తోట అంటే నీడ, కొమ్మలు, కింద నులకమంచం అనుకుంటాం కదా. అవేవీ లేవు. సిమెంటు స్తంభాలు నాటి, తీగలు లాగి, వాటికి వరసగా కట్టేసిన సన్నటి మొక్కలు. మన ద్రాక్ష పందిరిని నిలువుగా తిప్పినట్టు ఉంటుంది. పొట్టి రకం వేరు మీద అంటు కడతారు. ఆ వేరు ఎంత బలహీనమంటే తీగ లేకపోతే కాపుకు చెట్టే ఒరిగిపోతుంది. రెండో మూడో ఏటికే కాపు, పదిహేను ఇరవై ఏళ్లకు పీకి మళ్లీ కొత్తవి. పైన వడగళ్ల వలలు. దూరం నుంచి, ఏప్రిల్‌లో, వెనక 3,905 మీటర్ల ఓర్ట్‌లర్ శిఖరం మంచుతో మెరుస్తుండగా ఆ పూత చూస్తే కళ్లు చాలవు. దగ్గరికి వెళితే మాత్రం అది ఆరుబయట కట్టిన కర్మాగారం. నేను తప్పుపట్టడం లేదు. రెండు మూడు హెక్టార్ల రైతు బతకాలంటే అదే దారి. పండు కోశాక దాదాపు అందరూ సహకార సంఘానికే పోస్తారు. అక్కడ యంత్రం ఒక్కో పండునూ ఫోటో తీసి రంగు, సైజు చూసి వేరుచేస్తుంది. మార్కెట్‌లో దళారి ముందు చేతులు కట్టుకుని నిలబడే పని లేదు. ఆ ఒక్కదానికీ నాకు అసూయ కలిగింది.

రెండో రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చింది. బయట టక్ టక్ టక్ టక్… వాన అనుకున్నాను. ఈ లోయకు నేను వచ్చి వాన తెచ్చానా అని కిటికీ తీస్తే ఆకాశం నిండా చుక్కలు. ఒక్క మబ్బు లేదు. మంకీ క్యాప్ తగిలించుకుని, కోటు మీద కోటు వేసుకుని కిందికి దిగాను. పెద్దావిడ కొడుకు చేతిలో టార్చితో తోటలో తిరుగుతున్నాడు. తోట నిండా స్ప్రింక్లర్లు చెట్ల మీదుగా నీళ్లు చిమ్ముతున్నాయి. గాలి చలి మైనస్ మూడు. ఆ చలిలో పూత మీద నీళ్లు! ఇతనికి మతి పోయిందా అనుకున్నాను ఒక్క క్షణం. తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది గుర్తొచ్చింది.

నీరు గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతుంది. ఒక గ్రాము నీరు మంచు అయితే 80 క్యాలరీలు. ఆపిల్ పువ్వు మైనస్ రెండు దాకా ఓర్చుకుంటుంది, ఇంకా దిగితే లోపలి పిందె నల్లబడి చచ్చిపోతుంది. పువ్వు మీద నీరు పడి గడ్డకడుతూ ఉన్నంతసేపూ ఆ వదిలిన వేడి పువ్వును సున్నా దగ్గరే పట్టి ఉంచుతుంది. తెల్లవారేసరికి ప్రతి పువ్వూ ఒక గాజు బుడ్డిలో ఉంది. రేకులు, మధ్యలో పసుప్పచ్చ కేసరాలు, అన్నీ చెక్కుచెదరకుండా. ఒక కొమ్మను వేలితో తట్టాను, గాజు గాజులా మోగింది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మధ్యలో నీళ్లు ఆపకూడదు. ఆపితే పైనున్న తడి ఆవిరవడం మొదలవుతుంది. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు కదా. గడ్డకట్టేటప్పుడు ఇచ్చిన వేడికి ఏడు రెట్లకు పైగా ఆవిరయ్యేటప్పుడు లాక్కుంటుంది. అంటే సగంలో ఆపినవాడు అసలు పెట్టనివాడికంటే ఎక్కువ నష్టపోతాడు. ఎండ వచ్చి మంచు దానంతటది కరిగి రాలేదాకా నడపాలి. గంటకు మూడు నాలుగు మిల్లీమీటర్ల నీరు. లెక్కేస్తే ఎకరాకు గంటకు మూడు ట్యాంకర్లు. ఒక రాత్రికి ఎన్నో మీరే చూసుకోండి.

నా వృత్తిలో నాకు తెలిసిన మంత్రం ఒక్కటే: వంతు. నీరు తక్కువైతే వంతు పెట్టు. ఇవాళ ఎగువ, రేపు దిగువ. కానీ ఆ రాత్రి లోయలో ఉన్న ప్రతి రైతుకూ అదే మూడు గంటలకు నీరు కావాలి. వంతు పనికిరాదు. అందుకే పైన కొండ వాలులో చెరువులు, అక్కడి నుంచి ఒత్తిడితో దిగే గొట్టాలు, ఊరంతా కలిసి డబ్బు పెట్టి వేసుకున్నారు. కొండ మీద మంచు వాళ్లకు గడ్డకట్టిన చెరువు, వేసవిలో దానంతట అదే తూము ఎత్తుతుంది. మన 550కీ వాళ్ల 500కీ తేడా అక్కడే ఉంది. ఆ మంచు మనకు లేదు, ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

మరునాడు గ్లుర్న్స్‌కు నడిచి వెళ్లాం. తొమ్మిది వందల మంది చిల్లర ఉండే ఊరు, కానీ చుట్టూ పూర్తి కోటగోడ, మూడు ద్వారాలు. 1499లో కాల్వెన్ దగ్గర జరిగిన యుద్ధంలో స్విస్ వైపు సేనలు ఊరిని దోచి తగలబెట్టాయి. ఆ తర్వాత చక్రవర్తి మాక్సిమిలియన్ ఈ గోడకు పూనుకున్నాడు. గోడ పూర్తయ్యేసరికి ఎనభై ఏళ్లు పట్టింది. మన ప్రాజెక్టుల మీద జోకులు వేసేవాళ్లు ఇది రాసుకోండి. (నవ్వులు) లోపల తల తగులుతుందేమో అనిపించేంత పొట్టి కమానుల కింద దుకాణాలు. గోడ బయటకు అడుగు పెడితే తోటలు, పొలాలు. ఊరు ఒక మండువా ఇంటి అంత. అరగంటలో చుట్టేయవచ్చు.

కానీ ఆ ఊళ్లో ఒక కేసు జరిగింది. దాని కోసం నేను రెండు గంటలు అక్కడే తచ్చాడాను. 1519లో పైకొండ మీది ష్టిల్ఫ్స్ అనే పల్లె రైతులు గ్లుర్న్స్ న్యాయస్థానంలో ఫిర్యాదు చేశారు. ముద్దాయిలు ఎవరయ్యా అంటే పొలంలో ఎలుకలు. బీళ్లు తవ్వి గడ్డి పాడుచేస్తున్నాయి, పన్ను కట్టలేకపోతున్నాం అని. న్యాయమూర్తి నవ్వి పంపించలేదు. ఎలుకల తరఫున వకీలును పెట్టాడు. సాక్షులను విచారించాడు. వకీలు కూడా ఆషామాషీగా వాదించలేదు. నా కక్షిదారులు ఊరు విడిచి వెళ్లాలంటే వాటికి మరో చోటు చూపించండి, దారిలో కుక్కలూ పిల్లులూ మీద పడకుండా రక్షణ ఇవ్వండి అన్నాడు. 1520లో తీర్పు వచ్చింది. ఎలుకలు 14 రోజుల్లో ఖాళీ చేయాలి. కడుపుతో ఉన్నవాటికీ, ఇంకా నడవలేని పిల్లలకూ మరో 14 రోజులు గడువు.

మీరు నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. కానీ నేను ఉద్యోగంలో ఎన్నో ముంపు ఫైళ్లు చూశాను. ఖాళీ చేయించే ఉత్తర్వులో గర్భిణులకు విడిగా గడువు రాసిన ఫైలు ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. నేనూ రాయలేదు, రాయవచ్చని తోచనే లేదు.

ఈ కేసు చెప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. గ్లుర్న్స్ నుంచి చూస్తే ఎదురుగా వాలులో కనిపించే మాల్స్‌లో 2014లో ఇలాంటిదే పెద్ద తగవు వచ్చింది. మాల్స్ ఎగువ లోయ. అక్కడ తరతరాలుగా రై, బార్లీ, గడ్డి, పాడి. చలి తగ్గుతున్నకొద్దీ ఆపిల్ తోటలు దిగువ నుంచి మెట్టు మెట్టుగా పైకి పాకాయి. తోటతోపాటు మందు పిచికారీ వచ్చింది. ఆ లోయలో గాలి ఎంత బలంగా వీస్తుందంటే చెట్లన్నీ ఒకే వైపు ఒరిగి ఉంటాయి. ఆ గాలికి ఒకరి తోటలో కొట్టిన మందు పక్కవాడి గడ్డి మీద పడింది. సేంద్రియ పద్ధతిలో ఆవులు మేపుకునే రైతు గడ్డిలో మందు అవశేషాలు తేలితే అతని పని ఏమవుతుంది? ఊరు ఓటింగ్ పెట్టుకుంది. సుమారు 69 శాతం మంది ఓటు వేస్తే, వాళ్లలో 75 శాతానికి పైగా రసాయన పురుగుమందులు వద్దన్నారు. ఐదు వేల జనాభా ఊరు యూరప్ పత్రికల్లోకి ఎక్కింది. 2019లో బోల్జానో పరిపాలనా న్యాయస్థానం ఊరి నిబంధనను కొట్టేసింది. అలాంటి నిషేధం విధించే అధికారం పురపాలికకు లేదంది.

మేము బస చేసిన ఇల్లు ఆపిల్ ఇల్లు. పెద్దావిడను ఈ సంగతి అడగమని అమ్మాయితో అంటే మొదట అడగనంది. “వాళ్లింట్లో తిని వాళ్లనే నిలదీస్తామా నాన్నా?” అని. చివరికి అడిగింది. పెద్దావిడ గిన్నెలు తుడుస్తూ చెప్పింది, తన సొంత చెల్లెలు మాల్స్‌లో పాడి రైతు భార్య అట, మందులు వద్దనే ఓటు వేసిందట. పండక్కి అందరూ కలుస్తారు, ఆ మాట ఒక్కటి ఎత్తరు. నీళ్లకు వంతు పెట్టవచ్చు. గాలికి ఎలా పెడతారు? ఈ తగవులో నన్ను ఒక పక్కకు నిలబడమంటే నేను చెల్లెలి పక్కన నిలబడతాను. కానీ నేను తిన్న రొట్టె అక్కది, అదీ చెప్పాలి.

ఆఖరి రోజు సంగతి చెప్పి ముగిస్తాను. గొట్టాలు రాకముందు ఏడెనిమిది వందల ఏళ్లు ఆ లోయను బతికించినవి కొండ వాలు వెంట తవ్విన సన్నటి కాలువలు. వాటిని ఏమంటారో తెలుసా? ‘వాల్’ అంటారు. నేను ఎగిరి గంతేశాను. వాలులో పారేది వాల్, ఇది తెలుగు మాటే అన్నాను. మా అమ్మాయి వెంటనే ఫోను చూసి లాటిన్ నుంచి వచ్చిందని నా ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. (నవ్వులు) మంచు కరిగే చోట నీటిని పట్టి, కొండ చుట్టూ తిప్పి, మనిషి నడక కంటే నెమ్మదిగా పొలాలకు తెస్తుంది. బండ అడ్డం వచ్చినచోట లార్చ్ మాను తొలిచి దోనె చేసి వేలాడదీశారు. ఎవరికి ఏ రోజు, ఏ పూట, ఎన్ని గంటలు నీరు అనేది ఆస్తిపత్రంలా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. రాత్రి వంతు వచ్చినవాడు రాత్రే పార పట్టుకుని వెళ్లాలి. దీన్నంతా చూసుకోవడానికి ‘వాలర్’ అని ఒక మనిషి. తెలంగాణలో నీరటి అంటారు, మన శాఖలో లస్కరు అంటాం. అదే ఉద్యోగం, అవే తిట్లు.

ఆ కాలువల గట్ల మీద ఇప్పుడు జనం షికారుకు నడుస్తారు. మేమూ నడిచాం. ఒక మలుపులో టంగ్… టంగ్… అని వినిపించింది. మా ఆవిడ ఆవు మెడగంట అనుకుంది. చూస్తే కాలువలో చిన్న చెక్క చక్రం. నీరు తోస్తే అది తిరుగుతుంది, ఇరుసుకున్న మేకు ఒక చెక్క సుత్తిని ఎత్తి వదులుతుంది, సుత్తి గంట మీద పడుతుంది. నీరు ఎంతసేపు పారితే అంతసేపూ మోగుతుంది. వాలర్ కింద గుడిసెలో పడుకుని వింటూ ఉంటాడు. మోగుతున్నంతసేపూ నిద్రపోవచ్చు. ఆగిందంటే ఎగువన ఆకులు అడ్డం పడ్డాయి, లేదా గండి పడింది, లేదా ఎవడో వంతు తప్పి నీరు మళ్లించాడు. అప్పుడు లేవాలి. మన దగ్గర ప్రమాదం వస్తే మోగే గంటలు పెడతాం. ఎన్నో రాత్రులు కంట్రోల్ రూములో పడుకున్నాను. ఆ గంట మోగలేదంటే అంతా బాగున్నట్టా, లేక గంటే చెడిపోయిందా అన్న అనుమానంతో ఒక్కరోజు కూడా కంటినిండా నిద్రపోలేదు.

చాలాచోట్ల ఆ గంట ఇప్పుడు చూసిపోయేవాళ్ల కోసమే ఉంది. ఇక్కడ కూడా అంతే అనుకున్నాను. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, ఆగితే చక్రం ఎంత బలంతో మళ్లీ తిరుగుతుందో చూద్దామని నా చేతికర్ర అడ్డం పెట్టాను. గంట ఆగింది. ఇరుసు చూశాను, సుత్తి చూశాను, మేకు ఎక్కడ అరిగిందో చూశాను. మా ఆవిడ రెండుసార్లు “పోదాం పదండి” అంది. పది నిమిషాలు అయి ఉంటుంది. కింది మలుపులోంచి డెబ్బై ఏళ్ల పైబడిన పెద్దాయన భుజాన పార వేసుకుని, ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. నన్ను చూశాడు, కర్రను చూశాడు. చక్రంలోంచి కర్ర తీసి మర్యాదగా నా చేతికిచ్చి, జర్మన్‌లో ఒక వాక్యం అన్నాడు. వాక్యం పొడుగ్గానే ఉంది.

“ఏమన్నాడమ్మా?” అని అడిగాను.

“అది నేను తెలుగులో చెప్పను నాన్నా” అంది మా అమ్మాయి.

ఆ గంట ఫోటో ఉంది, గాజు బుడ్డిలో పువ్వు ఫోటో కూడా ఉంది. ఆ వెనక లైట్లు ఎవరైనా తీసేస్తే చూపిస్తాను. చీనీ రైతులు ముందుకు రండి, అక్కడి నుంచి కనిపించదు.